వసతి గృహము – నాయకత్వ శిక్షణ

ప్రతి సంవత్సరము వానాకాలపు రోజులలో మన కళాశాలల వసతి గృహములు కొత్త ముఖములతో నిండుతవి. ఒక చేత బట్టల పెట్టె, మరొక చేత పరుపుచుట్ట, సంచిలో అమ్మ కట్టియిచ్చిన ఆవకాయ సీసా. ఇంతే సామగ్రి. 16 మొదలు 18 ఏండ్ల వయస్సు గల పిల్లలు మొదటిసారిగా ఇల్లు విడిచి, ముక్కు మొగము తెలియని ముగ్గురు నలుగురితో ఒకే గదిలో ఉండటానికి వస్తారు. ఆ గదిలో చదువు ఎట్లా సాగించవలెనో చెప్పేవారు చాలమంది ఉన్నారు. నలుగురిలో ఎట్లా మెలగవలెనో, అవసరము వచ్చినప్పుడు ఆ నలుగురి కొరకు ఎట్లా ముందుకు రావలెనో చెప్పేవారు తక్కువ. ఈ రెండవ విషయమును గురించి నేడు కొంత ముచ్చటించదలచినాము.

యువజన కార్యక్రమముల నిమిత్తము మేము అనేక వసతి గృహములకు వెళ్ళినాము. నాయకత్వమంటే ఏమని అడిగితే మొదటి సంవత్సరపు విద్యార్థులు తరచు చెప్పే సమాధానము ఒకటే. వేదిక, మైకు, పూలదండ, ఎన్నికలు. అవన్నీ పై తరగతుల వారివనీ, తమకు ఇంకా ఆ వేళ రాలేదనీ వారి నమ్మకము. పై తరగతులలో కొందరి నమ్మకము ఇంకొక విధమైనది. కొత్తవారిని నిలబెట్టి ప్రశ్నలు వేయడము, తమ పనులు చేయించుకొనడము నాయకత్వమని వారనుకొంటారు. మొదటివారు నాయకత్వమును మాటకారితనమనుకొంటున్నారు, రెండవవారు అధికారమనుకొంటున్నారు. మా అభిప్రాయములో వసతి గృహపు నాయకత్వము ఈ రెండింటిలో దేనితోనూ ప్రారంభము కాదు. అది భోజనశాలలో ప్రారంభమవుతుంది.

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదని మనకు ఒక సామెత ఉన్నది. దీనిని నవ్వుతూ వాడుతాము. కాని తరచి చూస్తే ఇందులో ఎంతో చేదు అనుభవము దాగియున్నది. కడపంక్తిలో కూర్చున్న మనకు గారెలు అందినవి, సంతోషమే. మన పక్క విస్తరి ముందు కూర్చున్నవాని సంగతి ఏమి? వడ్డించేవారిలో వాని తాలూకు వారెవరూ లేరు. వాని విస్తరిలోనికి అడుగంటిన పులుసు వస్తుంది, లేదా అదీ రాదు. మన ఊళ్ళలో, ఆఫీసులలో, సభలలో కనిపించే పక్షపాతమంతా ఈ ఒక్క సామెతలో ఇమిడియున్నది. వడ్డించే చేయి ఎవరిదో విచారించుకొనే అవసరము కడపంక్తిలో కూర్చున్న ఏ ఒక్కరికీ లేకుండా చేయగలవాడే నాయకుడు. వసతి గృహము ఈ విద్య నేర్పడానికి తగిన చోటు. అక్కడ అందరూ రోజుకు మూడు పూటలు ఒకే చోట తింటారు గదా.

మన విశ్వవిద్యాలయముల వసతి గృహములలో పలుచోట్ల మెస్సు ఖర్చును విద్యార్థులే పంచుకొనే పద్ధతి చిరకాలముగా ఉన్నది. దీనిని డివైడింగు పద్ధతి అంటారు. బియ్యము, పప్పు, నూనె, కూరగాయలు, పాలు, గ్యాసు, వీటికి నెలలో అయిన ఖర్చునంతా కూడి, అందరూ కలిసి భోజనము చేసిన దినముల సంఖ్యతో భాగిస్తారు. ఉదాహరణకు ఒక హాస్టలులో 200 మంది ఉన్నారనుకొందాము. 30 రోజుల నెలలో మొత్తము 6,000 భోజన దినములు. ఇండ్లకు వెళ్ళినవారి దినములు 500 తీసివేస్తే 5,500 మిగులుతవి. ఆ నెల ఖర్చు 4,40,000 రూపాయలైతే దినమునకు 80 రూపాయలు పడుతుంది. నెలంతా ఉన్నవాడు 2,400 రూపాయలు, 10 రోజులు ఊరికి వెళ్ళివచ్చినవాడు 1,600 రూపాయలు ఇస్తాడు. లెక్క ఇంత సులభమైనది. అయినను దానిని సరిగా వ్రాసి నోటీసు బోర్డు మీద పెట్టడానికి నిజాయితీ, ఓపిక, ధైర్యము మూడూ కావలెను.

ఇదే హాస్టలులో ప్రతిరోజు 10 కిలోల బియ్యమునకు సరిపడే అన్నము తొట్టిపాలు అవుతున్నదనుకొందాము. బియ్యము కిలో 45 రూపాయలైతే రోజుకు 450, నెలకు 13,500 రూపాయలు. దీనిని 5,500 దినములకు పంచితే, నెలంతా ఉన్న ప్రతి విద్యార్థి సుమారు 74 రూపాయలు తాను తినని అన్నమునకు చెల్లిస్తున్నాడు. 74 రూపాయలు కొందరికి లెక్కలోనిది కాదు. తండ్రి పంపిన డబ్బును రూపాయి రూపాయిగా చూచుకొనేవానికి అది లెక్కలోనిదే. అన్నము పారవేయవద్దని పది ఉపన్యాసములు ఇచ్చినదాని కంటె ఈ నాలుగు అంకెలు గోడకు అంటించడము మేలు. నలుగురికి సంబంధించిన విషయమును అంకెలతో, ఎవరినీ నొప్పించకుండ, అందరి ముందు ఉంచగలగడము నాయకత్వములో మొదటి పాఠము.

ఈ పనిలో మొదటి సంవత్సరపు విద్యార్థికి తావు ఎక్కడ? అతనిని వచ్చీరాగానే మెస్సు కార్యదర్శిని చేయమని మేము అనడము లేదు. మూడు చిన్న బాధ్యతలు చాలును. మొదటిది, పూటకొకసారి భోజనపు హాజరు వ్రాయడము. రెండవది, సరకులు కొనడానికి వెళ్ళేవారితో కలిసి వెళ్ళడము. 1999లో ఆరంభమైన రైతు బజారులలో ఆనాటి ధరలు బోర్డుల మీద వ్రాస్తారు. ఆ ధరలు తన చిన్న పుస్తకములో ఎక్కించుకొని, బిల్లుతో సరిచూడటము అతని పని. మూడవది, వడ్డనలో చేయి కలిపి, చివరి బంతి లేచిన తరువాత మిగిలినది తూచి వ్రాయడము. ఒక కొత్త విద్యార్థికి ఒక రెండవ సంవత్సరపు విద్యార్థిని జతచేసి, పదిహేను రోజులకొకసారి జంటలను మార్చవలెను. దిగిపోయేవారు తమ పుస్తకమును కొత్తగా వచ్చేవారికి అప్పగించి, పని ఎట్లా చేసినదీ వారికి వివరించి మరీ దిగవలెను.

వంతు అందరికీ రావడము ముఖ్యము. చలాకీగా మాట్లాడేవానికే ప్రతి పని అప్పగించడము మనకు అలవాటు. దానితో మాట్లాడేవాడు మరింత మాటకారి అవుతాడు, మౌనముగా ఉండేవాడు మరింత మౌనములో మునిగిపోతాడు. చిన్న ఊరినుండి వచ్చి, ఇంగ్లీషు పాఠము అర్థము కాక వెనుక బల్ల మీద తల వంచుకొని కూర్చొనే పిల్లవానికి మార్కెట్టులో వంకాయల మంచిచెడ్డలు బాగా తెలిసియుండవచ్చును. రైతుబిడ్డకు తూకము తెలుసు. తరగతిలో దక్కని గౌరవము అతనికి అక్కడ దక్కుతుంది. ఒక విషయములో తన మాటకు విలువ ఉన్నదని తెలిసినవాడు మరొక విషయములో నోరు విప్పుతాడు.

వడ్డనలో మరొక మేలు ఉన్నది. సాధారణముగా కొత్తగా వచ్చినవారు తమ జిల్లా వారితోను, తమ కులము వారితోను, తమ యాస మాట్లాడేవారితోను గుంపు కడుతారు. అది సహజమే. పరాయిచోట తెలిసిన పలకరింపు కొరకు ఎవరైనా వెదకుతారు. కాని ఆ గుంపు అక్కడే గట్టిపడితే మనవాడు అనే మాటకు అర్థము ఇరుకైపోతుంది. సామెతలోని దోషము హాస్టలులోనికి నడచి వస్తుంది. శ్రీకాకుళపు పిల్లవానిని అనంతపురపు పిల్లవానితోను, ఆదిలాబాదు పిల్లవానిని నల్లగొండ పిల్లవానితోను వడ్డనకు జతచేస్తే ఈ ఇరుకుతనము కొంత విడుతుంది. గరిటె పట్టినవాడు విస్తరి ముందున్నవాని ఊరు అడుగడు, అడుగరాదు.

ఇక ముఖ్యమైన విషయమునకు వస్తాము. భోజనపు హాజరు పట్టీ డబ్బు లెక్క కొరకే వ్రాస్తారని అందరూ అనుకొంటారు. నిజమునకు అది వసతి గృహపు నాడి. ఒక పూట రానివాడు సినిమాకు వెళ్ళియుండవచ్చును. ఊరికి పోతున్నానని చెప్పకుండానే వరుసగా రెండు మూడు పూటలు రానివాని సంగతి వేరు. అతనికి జ్వరము వచ్చి ఉండవచ్చును. మెస్సు బాకీ కట్టలేక సిగ్గుపడుతూ ఉండవచ్చును. పరీక్ష తప్పి ముఖము చెల్లక ఉండవచ్చును. ఇంటి మీద బెంగతో గోడవైపు తిరిగి పడుకొని ఉండవచ్చును. ఎవరైనా అతనిని వేధించి, భోజనశాలకు రావడానికే భయపడే స్థితికి తెచ్చియుండవచ్చును. ఆ ఖాళీ గడిని చూచి, గదికి వెళ్ళి తలుపు తట్టి, "అన్నానికి రాలేదేమి?" అని అడిగే విద్యార్థి ఆ హాస్టలుకు నిజమైన నాయకుడు. అతనికి ఏ పదవీ ఉండనక్కరలేదు.

ఆ తలుపు తెరచుకొన్న తరువాత చేయవలసినది కూడ తెలిసియుండవలెను. కంచములో అన్నము పెట్టుకొని వెళ్ళడము మంచిది. ఎక్కువ ప్రశ్నలు వేయకుండ కాసేపు కూర్చొనడము మంచిది. విన్న సంగతిని నలుగురిలో చాటకూడదు. అయితే జబ్బు, వేధింపు, ప్రాణము మీద విరక్తి కనిపిస్తే దానిని రహస్యముగా దాచుకొనడము తప్పు. వెంటనే వార్డెనుకు, వైద్యునికి చెప్పవలెను. స్నేహితుడు వైద్యుడు కాలేడు, కాని వైద్యుని వద్దకు చేర్చగలడు. తన చేతికి మించిన పనిని గుర్తించి తగినవారికి అప్పగించడము బలహీనత కాదు, నాయకునికి ఉండవలసిన వివేకము.

ఇక్కడ ర్యాగింగును గురించి చెప్పక తప్పదు. కొత్తవారి బిడియము పోగొట్టడానికే ఇది అని దానిని సమర్థించేవారు ఇంకను ఉన్నారు. భయము వలన బిడియము పోదు, లోపలికి పోయి గట్టిపడుతుంది. బాధ్యత గల పని వలన బిడియము పోతుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములో 1997లోనే ర్యాగింగు నిషేధ చట్టము వచ్చినది. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము దేశమంతటికీ నిబంధనలు చేసినది. ఆ నిబంధనలలో ఒకటి గమనింపదగినది. ప్రతి ఆరుగురు కొత్త విద్యార్థులకు ఒక మార్గదర్శి చొప్పున ఉండవలెనని అందులో ఉన్నది. ఆరుగురు అంటే ఒక బల్లకు ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. ఆ ఆరుగురిలో ఎవరు తిన్నారో ఎవరు తినలేదో పై తరగతి విద్యార్థి ఒకడు చూచుకొనడము పెద్ద భారము కాదు. వేధింపునకు గురియైనవారు 1800-180-5522 అనే ఉచిత టెలిఫోను సంఖ్యకు ఏ వేళనైనా ఫిర్యాదు చేయవచ్చును. శ్రోతలు ఈ సంఖ్యను వ్రాసి పెట్టుకొనవలెనని కోరుతున్నాము.

చట్టము శిక్షించగలదు, కాని అలవాటును మార్చడము విద్యార్థుల చేతిలోనే ఉన్నది. ఈ సంవత్సరము అవమానము పొందినవాడే వచ్చే సంవత్సరము అవమానించడానికి సిద్ధమవుతాడు. మేము పడినాము కనుక మీరును పడవలెననేది అత్తగారి న్యాయము. ఈ గొలుసును తెంపగలవారు మొదటి సంవత్సరపు విద్యార్థులే. వచ్చే ఏడు తమ జతగా వచ్చే కొత్తవానికి హాజరు పుస్తకము చేతికిచ్చి పని నేర్పితే, ఆ హాస్టలులో కొత్త సంప్రదాయము మొదలైనట్లే.

ఇందుకు ప్రభుత్వము చేసిన ఏర్పాట్లు కొన్ని ఉన్నవి. సాంకేతిక విద్యామండలి 2017లో ఇంజనీరింగు కళాశాలల కొత్త విద్యార్థులకు మూడు వారముల ప్రవేశ శిక్షణను ప్రవేశపెట్టినది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2019లో దీక్షారంభము అనే పేరుతో ఇటువంటి కార్యక్రమమునకు మార్గదర్శకములు ప్రకటించినది. ఇవి ఉపన్యాసములతో ముగిసిపోకుండ, ఆ వారములలోనే కొత్తవారి చేతికి ఏదో ఒక పని వస్తే సార్థకమవుతవి. 1969 సెప్టెంబరు 24న గాంధీజీ శతజయంతి సంవత్సరములో 37 విశ్వవిద్యాలయములలో జాతీయ సేవా పథకము ఆరంభమైనది. ఇందులో చేరిన విద్యార్థి రెండు సంవత్సరములలో 240 గంటలు సేవ చేసి, ఒక గ్రామములో ఏడు రోజుల శిబిరములో ఉంటాడు. తన హాస్టలులో వంద మందికి వడ్డించి, లెక్క అప్పజెప్పినవాడు ఆ గ్రామములో ఉపన్యాసముతో మొదలుపెట్టడు. ముందుగా అక్కడివారి అవసరమేమిటో అడుగుతాడు.

వసతి గృహముల నుండి నాయకత్వము పుట్టడము మన దేశమునకు కొత్త కాదు. హైదరాబాదులో 1918లో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి వసతి గృహము ఏర్పడినది. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఆ వసతి గృహపు నిర్వహణ చూచినవారే. 1938 చివర ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతి గృహములలో విద్యార్థులు తమ ప్రార్థనలో వందేమాతరము పాడినారు. అధికారులు నిషేధించినారు. విద్యార్థులు లొంగలేదు. అనేకులు బహిష్కరణకు గురియైనారు. నాగపూరు విశ్వవిద్యాలయము వారిలో చాలమందిని చేర్చుకొన్నది. ఒకే కప్పు కింద తిని, ఒకే కప్పు కింద పడుకొన్నవారు కనుకనే ఊరుగాని ఊరికి కలిసికట్టుగా తరలిపోగలిగినారు.

మన కాలములోని ఉదాహరణ మరొకటి. ట్రిపుల్ ఐటీలని ప్రజలు పిలిచే విశ్వవిద్యాలయ ప్రాంగణములు 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో ఆరంభమైనవి. పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులు ఆరేండ్లపాటు అక్కడనే ఉండి చదువుతారు. 2022 జూనులో బాసరలో వేలాది విద్యార్థినీ విద్యార్థులు కనీస సౌకర్యముల కొరకు సుమారు వారము రోజులు ఎండకు, వానకు ఓర్చి శాంతముగా కూర్చున్నారు. విద్యాశాఖామంత్రి వచ్చి చర్చించిన మీదట విరమించినారు. ఆ కోరికల మంచిచెడ్డలు ఇక్కడ మా విషయము కాదు. అంత చిన్న వయస్సువారు అన్ని రోజులు అంత మంది హద్దు మీరకుండ కూర్చొనగలిగినారన్నది గమనింపదగిన విషయము.

పెద్దలకు తమ కష్టము చెప్పుకొనడము కూడ నేర్చుకొనవలసిన విద్యయే. నీళ్ళు రావడము లేదని కేకలు వేయడము ఒకటి. ఏ అంతస్తులో, ఏ రోజులలో, ఎన్ని గంటలు రాలేదో వ్రాసి, సంతకములు చేయించి, ముగ్గురు ప్రతినిధులు వార్డెనుగారి ముందుంచడము మరొకటి. తిరిగి వచ్చి, ఆయన చెప్పిన సమాధానమును తమకు నచ్చినా నచ్చకపోయినా ఉన్నది ఉన్నట్లు అందరికీ చెప్పడము ఇంకొకటి. ఈ మూడవదానిలోనే నాయకుని నిజాయితీ తేలిపోతుంది. అట్లని విద్యార్థులకు బాధ్యతలు ఇచ్చినామనే నెపముతో యాజమాన్యము తన బాధ్యత నుండి తప్పుకొనరాదు. మంచినీరు, మరుగుదొడ్లు, గట్టి కప్పు, కాపలా, వైద్యము, ఇవి సంస్థ సమకూర్చవలసినవి. విద్యార్థి లెక్క వ్రాయగలడు, పైకప్పు వేయలేడు.

విద్యార్థినుల వసతి గృహములను గురించి ప్రత్యేకముగా ఒక మాట. 2016లో తెలంగాణములో సాంఘిక సంక్షేమ గురుకులముల వారు మహిళా డిగ్రీ కళాశాలలను ఆరంభించినారు. ఇటువంటి చోట్లకు వచ్చే బాలికలలో కుటుంబములో మొదటగా కళాశాల మెట్లెక్కినవారు ఉంటారు. ఇంటిలో వడ్డించడము ఆడపిల్లకు చిన్నతనము నుండే నేర్పుతారు. లెక్క అడగడము, సభలో లేచి మాట్లాడటము నేర్పరు. కనుక వారి హాస్టళ్ళలో గరిటెతో పాటు కలము, పుస్తకము కూడ వారి చేతికి రావలెను. మగపిల్లల హాస్టళ్ళలో దీనికి ఎదురుగా కలముతో పాటు గరిటె రావలెను. వంటవారిని, గిన్నెలు తోమేవారిని పేరు పెట్టి గదమాయించకుండ అన్నా అనో, అక్కా అనో పిలవడము ఇద్దరూ నేర్చుకొనవలెను.

వార్డెనులు అడిగే ప్రశ్న ఒకటున్నది. పిల్లలు లెక్క తప్పితే ఎట్లా? తప్పుతారు. వారానికి ఒకసారి లెక్క చూచి, తప్పును ఇదిగో ఇక్కడ అని చూపి, వారిచేతనే దిద్దించవలెను. తప్పు జరిగినదని పుస్తకము లాగుకొంటే వారు నేర్చుకొనేది ఒకటే, ఇక ఏ బాధ్యతా తీసుకొనరాదని. చదువు చెడుతుందని మరికొందరి భయము. పదిహేను రోజులు, రోజుకు అరగంట చొప్పున పోయేది ఏడున్నర గంటలు మాత్రమే. ఆరు నెలల టరములో అది తీరని నష్టము కాదు.

చివరగా ఈ ప్రసంగమును వింటున్న తలిదండ్రులకు ఒక మనవి. రాత్రి టెలిఫోనులో మీ పిల్లలను, నాయనా తిన్నావా, అమ్మా తిన్నావా అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నయే. దాని తరువాత ఇంకొక ప్రశ్న చేర్చండి. నీ పక్కగదిలో పిల్లవాడు తిన్నాడా అని అడగండి. మొదటిరోజు వారికి సమాధానము తెలియకపోవచ్చును. మీరు అడుగుతారని తెలిస్తే మరునాడు చూచి వస్తారు.